కాటన్ దొరకు నచ్చని దారి

రాజమండ్రిలో కాటన్ దొర ఎవరంటే చిన్నపిల్లలు కూడా చెబుతారు. గ్రాన్‌విల్ వాల్టన్ ఎవరంటే పెద్దలు సైతం తెల్లమొహం వేస్తారు. గోదావరి మీద మొదటి రైలు వంతెన కట్టిన ఇంజినీరు ఆయన. అంతకుముందే కాశీలో గంగ మీద డఫ్రిన్ వంతెన కట్టి చెయ్యి తిరిగినవాడు. తీరా ఇక్కడి వంతెనకు పెట్టింది మాత్రం అప్పటి మద్రాసు గవర్నరు హేవ్‌లాక్ పేరు. సొమ్మొకడిది, సోకొకడిది!

1893-96 మధ్య బెజవాడ నుంచి కటక్ దాకా తీరం వెంట పట్టాలు పరిచారు. ఆ దారి గోదావరి దగ్గర తెగిపోయింది. పడమటి గట్టున కొవ్వూరు, తూర్పు గట్టున రాజమండ్రి, నడుమ రెండున్నర కిలోమీటర్లకు పైగా నీళ్లూ ఇసుకా. ప్రయాణికులు మూటాముల్లె దించుకుని, నది దాటి, అవతల మళ్లీ రైలెక్కేవారు.

1897 నవంబరు 11న వంతెన పని మొదలైంది. ఇసుక నదిలో స్తంభం నిలబెట్టడానికి అప్పటి ఇంజినీర్లు నమ్ముకున్నది బావినే. నదిలో గుండ్రటి గోడ కట్టి, దాని లోపలి ఇసుకను తోడిపోస్తూ ఉంటే గోడ తన బరువుకు తానే కిందికి దిగుతుంది. దిగినకొద్దీ పైన మరికొంత కడతారు. గట్టి నేల తగిలాక లోపల పూడ్చి, దానిపై రాతి స్తంభం లేపుతారు. వరద రోజుల్లో ఇదంతా సాగే పని కాదు. అలాంటి నది మీద, స్తంభానికీ స్తంభానికీ నడుమ 150 అడుగుల చొప్పున 56 అంతరాలను ఉక్కు గర్డర్లతో కలిపి, 1900 ఆగస్టు 30న రైలు నడిపారు. మూడేళ్లు కూడా పట్టలేదు. ఇవాళ్టి మన ప్రాజెక్టుల నడకతో పోల్చకపోవడమే మర్యాద.

ఈ వంతెనకు నాలుగైదు మైళ్ల దిగువన, ధవళేశ్వరంలో, కాలువలకు నీరు మళ్లించే ఆనకట్టను ఇంజినీరు కాటన్ 1852 నాటికే పూర్తి చేశాడు. సరుకు రవాణాకు రైలు కన్నా కాలువ చవకని, రైళ్లకు పోసే డబ్బు నీళ్లకు పెట్టమని ఆయన జీవితాంతం వాదించాడు. ఆయన కాలువల్లో పడవలు కాకినాడ నుంచి బెజవాడకు, అక్కడి నుంచి బకింగ్‌హామ్ కాలువ మీదుగా మద్రాసుకు వెళ్లేవి. వంతెన లేస్తుండగానే, 1899 జులైలో, ఆయన ఇంగ్లండులో కన్నుమూశాడు. పందెం రైలే గెలిచిందనిపిస్తుంది. అయితే డెల్టాలో ఆ కాలువలు పండించిన ధాన్యమే లేకపోతే వ్యాగన్లలో ఏం నింపేవారు?

1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చి భారం పంచుకుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద పారినా పాత వంతెన తట్టుకుంది. 1997లో ఆర్చి వంతెన సిద్ధమయ్యాక పాతదాని మీద రైళ్లు ఆపేశారు. దాన్ని పర్యాటక కేంద్రంగా మార్చేందుకు 2025లో శంకుస్థాపన జరిగింది.

పడవల దారినీ ప్రభుత్వం మరిచిపోలేదు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న ఆ పాత కాలువలను 2008లో నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చింది. ఆ కాలువల్లో సరుకు పడవల రద్దీ మాత్రం ఇంకా రాలేదు.