మధ్యయుగ జీవన అనుకరణ ఆటల గుర్తింపు

మధ్యయుగ జీవన అనుకరణ ఆటలు అనగా మధ్యయుగ ఐరోపాను గాని, దానిని పోలిన కల్పిత రాజ్యాన్ని గాని నేపథ్యంగా తీసుకొని, ఒక వ్యక్తి లేదా ఒక వంశం జీవితాన్ని ఆటగాడు నడిపించే వీడియో ఆటలు. వృత్తి, గృహనిర్మాణం, వివాహం, సంతానం, వారసత్వం వీటిలోని ముఖ్యాంశాలు. ఇవే అంశాలు పలు ఆటలలో కనిపించుట వలన, పేరు మరచిన ఆటను "కమ్మరి పని చేశాను, పెళ్ళి చేసుకున్నాను, ఊరికి పెద్దనయ్యాను" వంటి వర్ణనతో గుర్తించుట కష్టం.

అస్పష్టతకు కారణాలు

ఒకే ఆట వేర్వేరు దేశాలలో వేర్వేరు పేర్లతో వెలువడుట ఒక కారణం. జర్మనీలో "డీ గిల్డె"గా వచ్చిన ఆట ఆంగ్లంలో "యూరోపా 1400: ది గిల్డ్" అయినది. ఒకే వరుసలోని భాగాలు ఒకదానినొకటి పోలి ఉండుట మరొక కారణం. రెండు ఆటల జ్ఞాపకాలు కలిసిపోవుట కూడా సాధారణమే.

గుర్తించు విధానం

* ఆడిన సంవత్సరం: ఆ సంవత్సరం తరువాత విడుదలైన ఆటలన్నిటినీ తొలగించవచ్చును. పాత ఆటలను మాత్రం ఇలా తొలగించరాదు.
* దృష్టికోణం: పాత్ర కళ్ళతో చూచుటయా, పై నుండి చూచుటయా, దేశపటంపై ఆడుటయా?
* మరణం: పాత్ర మరణించిన పిమ్మట వారసునితో ఆట కొనసాగినదా?
* మాయలు: మంత్రగాళ్ళు ఉన్నారా, లేక చరిత్రకు దగ్గరగా ఉన్నదా?

ప్రధాన ఆటలు, వాటి ఆనవాళ్ళు

* డార్క్‌లాండ్స్ (1992): 15వ శతాబ్దపు జర్మన్ ప్రాంతం, సాధువులకు ప్రార్థనలు, రసవాదం.
* యూరోపా 1400: ది గిల్డ్ (2002): వృత్తి, వ్యాపారం, నగర పదవులు, న్యాయస్థానంలో ప్రత్యర్థులపై అభియోగాలు.
* క్రూసేడర్ కింగ్స్ (2004): దేశపటంపై ఆట, రాజు మరణిస్తే వారసునితో కొనసాగుతుంది.
* మౌంట్ అండ్ బ్లేడ్ (2008): కల్పిత దేశమైన కల్రాడియా, గుర్రంపై యుద్ధం.
* ది సిమ్స్ మిడీవల్ (2011): రాజు, మంత్రగాడు, వైద్యుడు, కమ్మరి మొదలగు పాత్రలు, శిక్ష పడినవారిని గోతిలోని మృగానికి వదలుట.
* కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్ (2018): 1403 నాటి బొహీమియా, కథానాయకుడు కమ్మరి కుమారుడు, చదువుట నేర్చుకోవలసి ఉంటుంది.
* మిడీవల్ డైనస్టీ (2021): అడవిలో ఒంటరిగా మొదలై సొంత గ్రామాన్ని నిర్మించుట.

ఉదాహరణ

పైన చెప్పిన వర్ణననే పరిశీలిస్తే, కమ్మరి పని మూడు నాలుగు ఆటలలో ఉన్నందున అది బలమైన ఆనవాలు కాదు. "ఊరికి పెద్ద" అన్న మాటయే ముఖ్యం. ఉన్న నగరంలో పదవికి పోటీ పడి గెలిచి ఉంటే "ది గిల్డ్" కావచ్చును. తానే కట్టిన పల్లెకు పెద్ద అయితే "మిడీవల్ డైనస్టీ" కావచ్చును. 2005లో ఆడినట్లయితే రెండవది సాధ్యం కాదు. అయితే "ది గిల్డ్" వరుసలో 2006లోను, 2022లోను తరువాతి భాగాలు వెలువడినవి కావున, ఏ భాగమో తేల్చుటకు మరల సంవత్సరాన్నే అడగవలెను.

ఇతరులకు ఆటను వర్ణించునపుడు అన్ని ఆటలలో ఉండే విషయాలకన్న, వింతగా తోచిన ఒక్క దృశ్యాన్ని చెప్పుట మేలు. ఊహించినదానిని జ్ఞాపకం నుండి వేరుచేసి చెప్పుట అవసరం; తప్పుగా చెప్పిన ఒక్క వివరం సరియైన ఆటనే జాబితా నుండి తొలగించగలదు.