దొడ్డిదారి

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకి దక్షిణంగా తుపాను తీరం దాటింది. కోనసీమలో కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. వెయ్యిమందికి పైగా చనిపోయారు. కరెంటు స్తంభాలూ టెలిఫోను తీగలూ ఒకే గాలికి పడిపోయాయి. అప్పుడు కబురు మోసినవాటిల్లో పోలీసు వైర్‌లెస్ సెట్లూ, హామ్ రేడియోలూ ఉన్నాయి. వాటికి ఊరి కరెంటుతో పనిలేదు, బ్యాటరీ చాలు. తీగతో పనిలేదు, యాంటెన్నా చాలు.

సర్వర్లదీ ఇదే గొడవ. సర్వరు బిగుసుకుపోతే, దాన్ని బాగుచేయడానికి లాగిన్ అయ్యే దారి కూడా దాంతోపాటే పోతుంది. పూర్వం సీరియల్ పోర్టుకి మోడెమ్ తగిలించి ఫోన్ లైను మీద లోపలికి వెళ్లేవాళ్లు. 1998లో ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్‌ఈసీ కలిసి ఐపీఎంఐ అనే ప్రమాణాన్ని ప్రకటించాయి. దాని గుండెకాయ బీఎంసీ, అంటే మదర్‌బోర్డు మీదే ఉండే ఇంకో చిన్న కంప్యూటరు. సర్వరు ఆపేసి ఉన్నా, ప్లగ్గులో కరెంటుంటే ఇది మేలుకునే ఉంటుంది. చాలా సర్వర్లలో దీని నెట్‌వర్క్ పోర్టు కూడా వేరే. రాజమండ్రిలో మంచం మీద కూర్చుని, ఎక్కడో ఉన్న మిషన్ని ఆపి మళ్లీ లేపొచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ చచ్చినా దీనికి పట్టదు.

మన ఇళ్లల్లో దొడ్డిగుమ్మం లాంటిది ఇది. కానీ దొడ్డిదారి అన్న మాటకి మనకి ఇంకో అర్థం కూడా ఉంది కదా. 2013లో డాన్ ఫార్మర్ అనే భద్రతా నిపుణుడు ఐపీఎంఐలో లోపాలు బయటపెట్టాడు. అదే ఏడాది అమెరికా ప్రభుత్వ సైబర్ విభాగం కూడా హెచ్చరించింది. సర్వరు మీద సర్వాధికారాలున్న తలుపుని ఇంటర్నెట్‌లో బార్లా తెరిచి పెట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. అందుకే ఆ గుమ్మం వీధిలోకి కాకుండా, వేరే ప్రైవేటు నెట్‌వర్క్‌లోకి తెరుచుకోవాలి.

తాళం వేసుకున్నంత మాత్రాన సరిపోదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ ఆరు గంటల పాటు మాయమైంది. మామూలు దారితోపాటు ఔట్-ఆఫ్-బ్యాండ్ దారి కూడా పనిచేయలేదు. చివరికి ఇంజినీర్లు డేటా సెంటర్లకి స్వయంగా వెళ్లాల్సొచ్చింది.

బొమ్మలో రెండు గీతలు వేరువేరుగా గీసినంత మాత్రాన అవి రెండు దారులైపోవు. దొడ్డిదారికి చేరడానికి వాడే వీపీఎన్, దాని పాస్‌వర్డ్ సరిచూసే సర్వరు, డీఎన్ఎస్, చివరికి స్విచ్‌కి వచ్చే కరెంటు – వీటిలో ఒక్కటి ఉమ్మడిగా ఉన్నా ఆ తేడా ఉత్తదే. ఏటా ఒకసారైనా ముందు గుమ్మానికి గడియపెట్టి వెనక నుంచి వెళ్లి చూడాలి.

రెండో దారి ఉందా అని అడగడం తేలిక. అడగాల్సింది వేరే: మొదటిదాన్ని పడగొట్టిన గాలికి ఇదీ పడుతుందా?