ఉపగ్రహముల జాడ తీసిన పాఠశాల

1957 అక్టోబరు 4న సోవియట్ దేశము మొదటి స్పుత్నిక్‌ను ప్రయోగించినప్పుడు, దాని సంకేతములను నానాదేశములలోని రేడియో ఔత్సాహికులు తమ ఇండ్లయందే వినగల్గిరి. ఆ అభిరుచి ఎంతవరకు పోగలదో ఇంగ్లండులోని కెటరింగ్ గ్రామర్ స్కూలు చరిత్ర తెలుపును.

అచట భౌతికశాస్త్రోపాధ్యాయుడు జెఫ్రీ పెర్రీ, రసాయనశాస్త్రోపాధ్యాయుడు డెరెక్ స్లేటర్, విద్యార్థులతో కూడి, కాస్మోస్ ఉపగ్రహముల సంకేతములు వినవచ్చు వేళలను వ్రాసికొనుచుండిరి. అట్టి ఉపగ్రహము సుమారు గంటన్నరలో భూమిని చుట్టివచ్చును. ఆలోగా భూమి తూర్పునకు తిరుగుటచే దాని దారి దాదాపు 22 డిగ్రీలు పడమటికి జరుగును. ఈ లెక్క తెలిసినవారు రేపటి రాకను నేడే చెప్పగలరు. నేటి దారినిబట్టి నిన్నటి దారిని గీయగలరు.

1966 మార్చిలో ఎగసిన కాస్మోస్ 112 దారిని వెనుకకు గీయగా, అది తెలిసిన ప్రయోగకేంద్రములలో దేనికిని చేరలేదు. అక్టోబరులో కాస్మోస్ 129 దారిని గూడ గీయగా, రెండు రేఖలును ఉత్తర రష్యాలోని ప్లెసెట్స్క్ సమీపమున కలిసెను. అచట క్రొత్త కేంద్రము గలదని పెర్రీ ఆ యేడే వెల్లడించెను. అమెరికా గూఢచారి శాఖకు ఆ సంగతి ముందే తెలియును. కాని లోకమునకు చెప్పలేదు. సోవియట్ ప్రభుత్వము 1983లో గాని దానిని అంగీకరింపలేదు.

రెండు మహారాజ్యములు దాచిన విషయమును ఒక బడి విని, లెక్కించి, చెప్పినది. మైక్రోఫోనుకు ఈవల నుండు మాకు, వినువారి ఓర్పు ఎంతటి శక్తియో ఈ చరిత్ర జ్ఞప్తి చేయుచున్నది.