గిద్దెడు నూనె చరిత్ర



నూనె చాన్నాళ్ళు ఎట్లా నిల్వ పెట్టాలో చాలామంది చెప్తారు. నిల్వ పెట్టేంత నూనె ఎవరింట్లో ఉండేదో ఎవరూ చెప్పరు. తడ చుట్టుపక్కల మన యానాది పెద్దోళ్ళు కూలి చేతికొచ్చిన సాయంత్రం సీసా పట్టుకుని అంగడికి పోయి గిద్దెడు తెచ్చుకునేవాళ్ళు. 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నాక దీవిలోని మనోళ్ళు చాలామంది ఇవతలికి రావాల్సొచ్చింది. అడవి దూరమైంది, అన్నిటికీ అంగడే దిక్కైంది.

1937లో డాల్డా వచ్చింది. నూనెకు హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టిస్తే తొందరగా కనరు వాసన రాదు. అందుకే డబ్బాల్లో దూరాలకు పంపగలిగారు. మన ఇళ్ళకు ఎక్కువగా ఖాళీ డబ్బానే వచ్చింది, నీళ్ళు పట్టుకోడానికి.

1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి నూనె కలిసి, ఒళ్ళు వాచి ఎంతోమంది చనిపోయారు. ఆ ఏడాదే వంటనూనె విడిగా అమ్మకూడదని, ప్యాక్ చేసే అమ్మాలని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మంచి పనే. కానీ గిద్దెడు కొనేవాళ్ళకు ప్యాకెట్ డబ్బులు ఒక్కసారే కట్టడం బరువు.

ఇప్పుడు లీటరు ప్యాకెట్ మనమూ కొంటున్నాం కాబట్టి ఇది తెలియాలి: నూనెను చెడగొట్టేవి గాలి, వెలుతురు, వేడి, తడి. మూత బిగించి, పొయ్యికి దూరంగా చీకట్లో పెట్టాలి. పాత నూనె మీద కొత్తది పొయ్యకూడదు. సీసా కడిగి బాగా ఆరబెట్టాకే నింపాలి.

మనోళ్ళకు దాచడం తెలియక కాదు. పులికాట్ చేపకు ఉప్పు పెట్టి, ఎండబెట్టి నెలలు దాచుకున్నారు. నూనె దాచేంత మిగల్లేదు, అంతే. మీ ఊళ్ళో అవ్వలు నూనె ఎంత కొనేవాళ్ళో, దేంట్లో పెట్టేవాళ్ళో అడిగి రాయండి. మనం రాయకపోతే ఆ లెక్క ఎక్కడా ఉండదు.