స్త్రీ అధ్యయనాల సర్టిఫికెట్ విద్య: హైదరాబాదు చరిత్ర

సమాజంలో స్త్రీపురుషుల స్థానాలు ఎలా ఏర్పడ్డాయో, ఆస్తి, శ్రమ, కులం, చట్టం, సాహిత్యం వాటిని ఎలా నిలబెడుతున్నాయో పరిశీలించే విద్యను స్త్రీ అధ్యయనాలు అంటారు. డిగ్రీ పూర్తిచేసినవారికి విశ్వవిద్యాలయాలు దీనిని ఎం.ఏ.గానే కాక, కొన్ని నెలల సర్టిఫికెట్‌గానో ఏడాది పీజీ డిప్లొమాగానో కూడా బోధిస్తాయి. చదువు చిన్నది కాబట్టి పట్టా కూడా చిన్నదేనన్న అభిప్రాయం బలంగా ఉంది. హైదరాబాదు చరిత్రను చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. ఈ నగరంలో స్త్రీల గురించిన జ్ఞానం చాలావరకు విశ్వవిద్యాలయాల గడప బయట పుట్టి, ఆలస్యంగా తరగతి గదికి చేరింది. బతుకులోనూ ఉద్యోగంలోనూ ఉన్నవారిని లోపలికి పిలిచే పొట్టి కోర్సు ఈ విద్య పుట్టుకకే దగ్గరి రూపం.

నారాయణగూడ ఇందుకు తొలి సాక్ష్యం. మాడపాటి హనుమంతరావు, ఆయన సహచరులు 1928లో ఆడపిల్లల కోసం తెలుగు మాధ్యమంలో ఉన్నత పాఠశాల పెట్టారు. నాటి ఉస్మానియా విశ్వవిద్యాలయానిది ఉర్దూ మాధ్యమం. తెలుగులో బోధించే ఈ బడికి అక్కడ గుర్తింపు దొరకలేదు. దాంతో దీనిని సంఘ సంస్కర్త కర్వే 1916లో పూనాలో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేశారు. ఎస్.ఎన్.డి.టి.గా పేరుపడ్డ ఆ విశ్వవిద్యాలయమే 1974లో బొంబాయిలో స్త్రీ అధ్యయనాల పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పి దేశానికి దారి చూపింది. బాలికల చదువు వేరు, స్త్రీ అధ్యయనాలు వేరు. ఒకటి ఉన్న పాఠాన్ని ఆడపిల్లలకు అందిస్తుంది, రెండోది ఆ పాఠాన్నే ప్రశ్నిస్తుంది. కానీ మొదటిది లేకుండా రెండోదాన్ని అడిగే గొంతులు పుట్టవు. 1954లో ఇదే నారాయణగూడలో వచ్చిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి మహిళా కళాశాల ఆ పునాదిని మరింత విస్తరించింది.

అమెరికాలోని శాన్ డియేగోలో 1970లో స్త్రీ అధ్యయనాలకు తొలి విశ్వవిద్యాలయ విభాగం వచ్చింది. మన దేశంలో మలుపు తిప్పింది 1974 నాటి స్త్రీల స్థితిగతుల కమిటీ నివేదిక. స్వాతంత్ర్యం వచ్చాక కూడా జనాభాలో స్త్రీల నిష్పత్తి, ఉపాధిలో వారి వాటా తగ్గుతున్నాయని అది లెక్కలతో చూపింది. 1981లో బొంబాయిలో స్త్రీ అధ్యయనాలపై జాతీయ సదస్సు జరిగింది. 1986 జాతీయ విద్యావిధానం స్త్రీ అధ్యయనాలను వివిధ కోర్సుల్లో భాగం చేయాలంది. హైదరాబాదులో ఈ పనికి పూనుకున్నది మాత్రం స్త్రీల ఉద్యమమే. 1978లో స్త్రీశక్తి సంఘటన, 1985లో అన్వేషి పరిశోధన కేంద్రం ఏర్పడ్డాయి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వారి నోటనే విని అచ్చువేసిన ‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో వచ్చింది. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో భారతీయ స్త్రీల రచనల సంకలనం 1991, 1993లలో రెండు సంపుటాలుగా వెలువడి, ముద్దుపళని వంటి కవయిత్రులను ప్రపంచ పాఠకుల ముందుంచింది. తరగతి గదుల్లో పాఠ్యగ్రంథాలుగా నిలిచిన ఈ పుస్తకాలు ఏ సిలబస్ కోసమూ పుట్టినవి కావు.

విశ్వవిద్యాలయాలు తర్వాత అందుకున్నాయి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2007లో స్త్రీ అధ్యయనాల కేంద్రం ఏర్పడింది. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం సర్టిఫికెట్, పీజీ డిప్లొమా కోర్సులను దూరవిద్యలో పెట్టడంతో ఇల్లూ ఉద్యోగమూ వదలకుండా చదివే వీలు కలిగింది. 2015లో హిమాయత్‌నగర్‌లోని తెలుగు అకాడమి జెండర్‌పై ద్విభాషా పాఠ్యపుస్తకం ప్రచురించింది, జె.ఎన్.టి.యు. హైదరాబాదు దానిని ఇంజనీరింగ్ విద్యార్థులకు పాఠం చేసింది.

స్త్రీ అధ్యయనాలపై ఆక్షేపణలు మూడు. ఇది శాస్త్రం కాదు, ఒక పక్షం వాదమన్నది మొదటి ఆక్షేపణ. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ప్రచురిస్తే అశ్లీలమని నిషేధించారు, శృంగార కావ్యాలు రాసిన పురుష కవులు మాత్రం సాహిత్య చరిత్రలో గౌరవంగానే నిలిచారు. పక్షపాతం పాత చరిత్రలోనే ఉందని ఇలా ఆధారాలతో నిరూపించడం శాస్త్రం చేసే పనే. పైగా ఈ విద్య తన లోపాలనూ దిద్దుకుంటోంది: స్త్రీవాదంలో దళిత స్త్రీ కనబడడం లేదన్న విమర్శ లోపలినుంచే వచ్చింది, గోగు శ్యామల సంకలనం ‘నల్లపొద్దు’ ఆ లోటు తీర్చే పనికి పూనుకుంది. రెండో ఆక్షేపణ ఉద్యోగం గురించి. పోటీ పరీక్షల శిక్షణకు పేరుపడ్డ అశోక్‌నగర్‌లో ఈ ప్రశ్న న్యాయమైనదే. అయితే తెలంగాణ గ్రూప్స్ సిలబస్‌లోనే సామాజిక వెలి, కులం, తెగ, జెండర్, వైకల్యం ఉన్నాయి. 2005 గృహహింస చట్టం రక్షణాధికారులను కోరుతోంది. పదిమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలని పనిచోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం చెబుతోంది. ఆ బాధ్యతలకు కావలసింది చట్టం పేరు కంఠస్థం కాదు, ఫిర్యాదు చేసిన మనిషి మాట వినగల అవగాహన. విడిగా కోర్సు ఎందుకు, అన్ని సబ్జెక్టుల్లో కలిపితే చాలదా అన్నది మూడోది. కలపవలసిందే. కానీ ఇంజనీరింగ్ కళాశాలలో ఆ పాఠం చెప్పే అధ్యాపకులు ఎక్కడో నేర్చుకోవాలి కదా! ఉద్యోగం మానకుండా వారు చదవగలిగేది సర్టిఫికెట్ కోర్సే.

1924 నాటి కోఠీ మహిళా కళాశాల 2022లో విశ్వవిద్యాలయమై, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. భూమి కోసం దొరను ఎదిరించిన ఆ ఐలమ్మ జీవితకథ ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఉంది. పట్టా లేని ఆమె మాట ముందు పుస్తకమైంది, ఆ తర్వాత ఆమె పేరు విశ్వవిద్యాలయమైంది. ఆ వరుసను మరచిపోని విశ్వవిద్యాలయం ఐలమ్మ వంటివారి మధ్య పనిచేసేవారికి, ఎం.ఏ.కు రెండేళ్లు కేటాయించలేని వారికి, తన తలుపు ఒకటి తెరిచే ఉంచాలి. సర్టిఫికెట్ కోర్సు ఆ తలుపు.