కైఫియతులు: గ్రామదేవాలయాల స్మృతినిధి

వేదం గురుశిష్యపరంపరచే శ్రుతిరూపంగా రక్షింపబడింది. పద, క్రమ, జటా, ఘనపాఠాలు దానికి కవచాలు. దేవాలయమాన్యాలకు, అగ్రహారదానాలకు అట్టి కవచం లేదు. అవి లిఖితాన్నే ఆశ్రయించి నిలుస్తాయి.

కైఫియతు అనగా గ్రామవృత్తాంతం. కల్నల్ కాలిన్ మెకంజీ పక్షాన కావలి వేంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి సహాయకులు ఊరూరా శాసనాలకు ప్రతులెత్తి, కరణాల కవిలెలలోని విషయాలను, వృద్ధుల మాటలను సేకరించారు. 1803లో బొర్రయ్య అకాలమరణం చెందగా, లక్ష్మయ్య ఆ కార్యాన్ని కొనసాగించారు. 1821లో మెకంజీ గతించిన పిదప ఆ సంచయం విడిపోయినా, దక్షిణభాషల భాగం మద్రాసు చేరింది. శిథిలమవుతున్న పత్రాలకు సి.పి. బ్రౌన్ ప్రతులు వ్రాయించారు. మద్రాసు విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో అవి చిరకాలం భద్రంగా ఉన్నాయి.

మూలకవిలెలు అనేకం నశించాయి. వాటికి ఆ ప్రతులే నేటి సాక్ష్యం. అర్చకమిత్రులారా! మన ఇండ్ల అటకలపై ఉన్న తాళపత్రాలకు, మాన్యపత్రాలకు చెదలు పట్టకముందే ప్రతులెత్తించండి. స్వామికి దీపం పెట్టడం ఎంత ధర్మమో, ఆ దీపానికి నూనె సమర్పించిన దాత నామాన్ని నిలపడమూ అంతే ధర్మం.