సముద్ర వేట లైసెన్సు నిబంధనలు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు

సముద్రంలో చేపల వేటను ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్యవేట (క్రమబద్ధీకరణ) చట్టం, 1994 నియంత్రిస్తున్నది. వేటపడవలకు రిజిస్ట్రేషన్, లైసెన్సు ఈ నియంత్రణకు మూలాధారములు. తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు గల జలాలు సంప్రదాయ మత్స్యకారులకు ప్రత్యేకించబడినవి. మరబోట్లు ఆ పరిధికి వెలుపలనే వేట సాగించవలెను.

చేపల సంతానోత్పత్తి దృష్ట్యా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు, మోటారు పడవలపై వేట నిషిద్ధం. 2015కు పూర్వం ఈ గడువు 47 రోజులు. ఇంజను లేని నాటుపడవలకు మినహాయింపు కలదు.

నిషేధ కాలపు జీవనభృతిని 10,000 నుంచి 20,000 రూపాయలకు పెంచుతూ, ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబునాయుడు 2025 ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో ‘మత్స్యకారుల సేవలో’ పథకాన్ని ప్రారంభించారు. రిజిస్టరైన పడవలపై పనిచేసేవారినే లబ్ధిదారులుగా గుర్తిస్తున్నందున, పడవ పత్రాలు యజమానికే గాక కలాసీల కుటుంబాలకూ జీవనాధారమే.